బావి ఈత వేరు, ఏటి ఈత వేరు: నీటిలో చూపు, ఊపిరి

మన సరిహద్దు పల్లెలలో పుట్టి పెరిగిన వారికి ఈత నేర్పిన గురువు చాలావరకు బావియే. వేసవి సెలవులలో వీపుకు ఎండిన సొరబుర్రనో, బెండ్లనో కట్టి, నడుముకు తాడు బిగించి, గట్టుమీద పెదనాన్నో మేనమామో ఆ తాడు పట్టుకొని నిలువగా మోటబావిలోకి దూకి నేర్చుకున్న విద్య అది. మనం ఈత అంటాం, కన్నడిగులు ఈజు అంటారు, తమిళులు నీచ్చల్ అంటారు. ఏ పేరుతో పిలిచినా, బావిలో నాలుగు చుట్లు తిరిగి మెట్టు పట్టుకొనగలిగిన పిల్లవాడిని చూచి ఇంటివారు "మా వాడికి ఈత వచ్చింది" అని నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింత ఎంతవరకు న్యాయమైనది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ముందుగా నా అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజులలో దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ ఏడు వానలు బాగా పడి, మా ఊరి చెరువు నిండి మరవ పారుతున్నది. సాయంకాలం ఇద్దరు మిత్రులతో కలిసి చెరువు ఈది ఆవలి గట్టున ఉన్న రాతిమంటపం చేరాలని పందెం వేసుకున్నాం. బావిలో నన్ను మించినవాడు లేడని నాకు గర్వం. తల పైకెత్తి ఈదడం మొదలుపెట్టి నూరు బారలు వేసేసరికి మెడ, నడుము పట్టేసినవి. అప్పుడు తల నీటిలో దించి వేగంగా ఈదాను. చాలాసేపటికి తల ఎత్తి చూస్తే పడమటి ఎండ కళ్ళలో కొట్టింది, మంటపం కనబడలేదు. మళ్ళీ చూస్తే మరవ రాళ్ళు దగ్గరలో కనిపించినవి. నేను మంటపం వైపు కాక, నీరు లాగే వైపుకే ఈదుకొంటూ పోయానన్నమాట.

ఆ క్షణంలో నాకు చేతులు అలసిపోయి కాదు, ఊపిరి తప్పి ప్రమాదం వచ్చింది. గాలి పీల్చబోయి నీరు మింగాను. అదృష్టవశాత్తు వలలు తీయడానికి వచ్చిన ఒక పుట్టి మనిషి నన్ను చూచి "అంగాత మలగు!" అని కన్నడంలో కేక వేశాడు. వెల్లకిలా పడుకొమ్మని దాని అర్థం. పడుకున్నాను. ఆయన వచ్చి తెడ్డు అందించాడు. ఒడ్డు చేరిన తరువాత ఆ పెద్దమనిషి అన్న మాట నేటికీ నా చెవిలో ఉన్నది: "నీకు ఈత వచ్చు గాని మేష్ట్రూ, నీళ్ళలో చూడడం రాదు, ఊపిరి విడవడం రాదు." అప్పటికి నేను ఇంకా మేష్టరును కాలేదు. ఆయన చెప్పిన ఆ రెండు సంగతులే ఈనాడు మీకు వివరించబోతున్నాను.

బావికీ ఏటికీ తేడా ఏమిటి?

బావిలో గోడ ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది. ఎటు ఈదినా పది బారలలో మెట్టు తగులుతుంది. నీరు కదలదు, అల లేదు. ఊపిరి బిగబట్టి కూడా ఒక దరినుండి మరొక దరికి పోవచ్చు. పట్టణాలలోని ఈతకొలనులోనైతే అడుగున నల్లని గీత కూడా గీసి ఉంటుంది. దానిని చూస్తూ పోతే చాలు, దారి తప్పడం జరగదు.

ఏటిలో, చెరువులో, సముద్రంలో ఇవేవీ లేవు. గీత లేదు, గోడ లేదు. వానకాలపు నీటిలో మూర దూరం కూడా కనబడదు. నీరు ఈదేవాడిని తనవైపు తీసుకొనిపోతూనే ఉంటుంది. కనుక బయటి నీటిలో ఈదేవాడు మూడు పనులు ఒకేసారి చేయవలెను: ముందుకు పోవడం, గాలి పీల్చడం, దారి చూచుకోవడం. బావిలో మొదటిది మాత్రమే నేర్చుకుంటాం. తక్కిన రెండూ లేనివాడు ఎంత బలవంతుడైనా ఒడ్డుకు నూరు గజాల దూరంలో చిక్కులో పడతాడు.

మొదట ఊపిరి సంగతి

ఈత తెలిసినవారిలో పదిమందికి ఎనమండుగురు చేసే పొరపాటు ఏదో నా కంటికి కనబడినంతలో చెప్పగలను. వారు తల నీటిలో ఉన్నంతసేపు ఊపిరి బిగబడతారు. నోరు పైకి రాగానే లోపలి గాలిని వదలి, మళ్ళీ పీల్చాలని చూస్తారు. కాని నోరు నీటిపైన ఉండే సమయం ఒక క్షణం మాత్రమే. ఆ క్షణంలో రెండు పనులూ కావు. సగం గాలి వదలి, సగం గాలి పీలుస్తారు. నాలుగైదు సార్లు ఇట్లా జరిగేసరికి రొమ్ము బిగుసుకుంటుంది.

దీనికి కారణం సైన్సు పాఠంలో ఉన్నదే. మనం పీల్చే గాలిలో ఆమ్లజని సుమారు 21 శాతం. వదిలే గాలిలో కూడా అది 16 శాతం వరకు మిగిలి ఉంటుంది. అంటే ప్రాణవాయువు వెంటనే అయిపోదు. మరి ఊపిరి ఆడని బాధ ఎందుకు కలుగుతుంది? శరీరంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనడం వల్ల. ఆ వాయువు పెరిగినప్పుడు మెదడు "పీల్చు, పీల్చు" అని తొందరపెడుతుంది. దానిని బయటికి పంపడానికి ఉన్న మార్గం ఒక్కటే, ఊపిరి విడవడం. కనుక ఈతలో ముందు నేర్వవలసినది పీల్చడం కాదు, విడవడం.

పద్ధతి ఇది. ముఖం నీటిలో ఉన్నంతసేపు ముక్కుతోను, నోటితోను మెల్లగా బుడగలు వదులుతూ ఉండవలెను. నోరు పైకి వచ్చే ముందు మిగిలినదంతా ఒక్క ఊపుతో ఊదివేయవలెను. అప్పుడు నోరు తెరవగానే గాలి తానంతట తానే లోపలికి వస్తుంది. కొలిమితిత్తిని నొక్కి వదిలితే మళ్ళీ గాలి నింపుకొన్నట్లే ఇది కూడా.

ఇక తల తిప్పే విధానం. గాలి కోసం తలను పైకి ఎత్తరాదు, పక్కకు తిప్పవలెను. మనిషి తల బరువు సుమారు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. అది నీటిలో ఉన్నంతవరకు నీరే మోస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం చదివిన పిల్లలకు ఇది తెలిసిన విషయమే. తలను నీటిపైకి ఎత్తగానే ఆ బరువు మనమీద పడుతుంది, దానికి బదులుగా నడుము, కాళ్ళు మునుగుతాయి. కాళ్ళు మునిగినవాడు ఎదురు బండి లాగినట్లు ఈదవలసి వస్తుంది. నేను చెరువులో నూరు బారలకే అలసిపోవడానికి ఇదే కారణం.

పక్కకు తిప్పేటప్పుడు మొత్తం ముఖం బయటికి రానక్కరలేదు. ఒక కన్ను నీటిలో, ఒక కన్ను గాలిలో ఉంటే చాలు. ముందుకు పోయే తల పక్కన నీరు కొంచెం పల్లమవుతుంది. నాగలి పోయిన చోట చాలు ఏర్పడినట్లే. ఆ పల్లంలో నోరు తెరిచి గాలి తీసుకోవచ్చు. 

రెండు పక్కలా గాలి పీల్చడం అలవాటు చేసుకోవలెను. ఎప్పుడూ కుడివైపే పీల్చేవాడికి గాలి కుడివైపునుండి వీచి అల నోటిలో కొడితే వేరే గతి ఉండదు. రెండు వైపులా వచ్చినవాడు అల వచ్చే దిక్కుకు వీపు పెట్టి రెండవ వైపు పీల్చుకుంటాడు. బావి గోడల మధ్య గాలి తగలదు కనుక ఈ అవసరం అక్కడ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీట మునిగి ఎక్కువసేపు ఉండాలని పందెం వేసుకొని, ముందుగా పదిసార్లు గబగబా గాలి పీల్చి మునిగే పిల్లలు ఉన్నారు. ఇది ప్రాణాంతకం. అట్లా పీల్చడం వల్ల ఆమ్లజని పెద్దగా పెరగదు గాని, బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. అది తగ్గితే "పైకి రా" అని మెదడు చేసే హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోపల ఆమ్లజని చాలక పిల్లవాడు నీటిలోనే స్పృహ తప్పుతాడు. కేక లేదు, కొట్టుకోవడం లేదు. గట్టుమీద ఉన్నవారు వాడు ఇంకా పందెంలోనే ఉన్నాడనుకుంటారు. కనుక మునక పందేలు మాన్పించవలెను.

ఇక చూపు: మొసలి కళ్ళ పద్ధతి

దారి చూచుకొనకుండా ఈదితే తిన్నగా పోతామా? పోము. ఒక చేయి రెండవదానికంటె బలంగా ఉంటుంది, గాలి పీల్చే వైపు శరీరం ఒరుగుతుంది, ఒక చేయి ముఖానికి అడ్డంగా దాటి పడుతుంది. ఈ కారణాల వల్ల ప్రతివారు ఏదో ఒక పక్కకు వాలుతూ పోతారు. మీరు కూడా పరీక్షించుకోవచ్చు. రొమ్ములోతు మించని, కదలని నీటిలో, పక్కన ఒకరిని నిలబెట్టుకొని, కళ్ళు మూసుకొని పదిహేను బారలు ఈది చూడండి. కళ్ళు తెరిచేసరికి ఎటు వాలారో తెలుస్తుంది. అది మీ శరీర గుణం. తెలుసుకొని ఉంటే దిద్దుకోవచ్చు.

ఈ వాలు ఎంత నష్టం చేస్తుందో లెక్క వేద్దాం. తిన్ననైన దారికి 10 డిగ్రీలు మాత్రమే పక్కకు వాలి 500 మీటర్లు ఈదినవాడు, చేరవలసిన చోటికి సుమారు 87 మీటర్లు ఎడంగా తేలుతాడు. రేవు వదిలి ముళ్ళపొదలలోనో, మరవ మీదనో పడడానికి అంత దూరం చాలు.

అందుకని ఈతగాళ్ళు కొన్ని బారలకు ఒకసారి ముందుకు చూస్తారు. నీరు నిలకడగా ఉంటే ఎనిమిది, పది బారలకు ఒకసారి. కదులుతూ ఉంటే నాలుగైదు బారలకు ఒకసారి. చూచే విధానం మొసలిని తలపిస్తుంది. మొసలి తల మొత్తం పైకి ఎత్తదు, కళ్ళు మాత్రమే నీటిపైన ఉంచుతుంది. మనం కూడా అంతే. ఒక చేయి ముందుకు చాచి, దానితో నీటిని కొంచెం కిందికి అదిమి, ఆ ఊతతో కళ్ళు పైకి వచ్చేవరకు మాత్రమే తల లేపవలెను. ముక్కు, నోరు నీటిలోనే ఉండవలెను. అప్పుడు గాలి పీల్చరాదు. చూచి, వెంటనే తలను పక్కకు తిప్పి, గాలి తీసుకొని, మళ్ళీ ముఖం దించవలెను. ముందు చూపు, పిదప ఊపిరి. ఈ వరుస తప్పరాదు. రెండూ కలిపి ముందువైపే చేయబోతే తల ఎక్కువ ఎత్తవలసి వస్తుంది, కాళ్ళు మునుగుతాయి, ఎదురు అల నోటిలోకి వస్తుంది. తల లేచిన క్షణంలో కాళ్ళు ఒకటి రెండుసార్లు గట్టిగా ఆడిస్తే నడుము దిగబడదు.

ఒక్క చూపులో అంతా కనబడాలని ఆశించరాదు. మొదటి చూపులో ఏదో నల్లగా కనిపిస్తుంది. రెండవ చూపులో అది చెట్టని తెలుస్తుంది. మూడవ చూపులో మనం దానికి కుడివైపు ఉన్నామో ఎడమవైపు ఉన్నామో తెలుస్తుంది. తల పైకి పెట్టి వెతుకుతూ ఉండడం కంటె మూడు చిన్న చూపులు మేలు. అలలున్న చోట అల మన శరీరాన్ని పైకి లేపినప్పుడు చూడవలెను. అల పల్లంలో ఉన్నప్పుడు చూస్తే నీరు తప్ప మరేమీ కనబడదు.

గుర్తు ఎంచుకోవడం

కన్ను నీటికి జానెడు ఎత్తులో కూడా ఉండదు కనుక, ఒడ్డున నిలబడినప్పుడు కనిపించినవన్నీ నీటిలోనుండి కనబడవు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, గట్టుమీద నిలబడ్డ మనిషికి నీటి అంచు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరం వరకు కనిపిస్తే, నీటికి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కంటికి సుమారు 1.1 కిలోమీటరు వరకే కనిపిస్తుంది. అది కూడా అలలు లేనప్పుడు. కనుక ఆవలి ఒడ్డున కూర్చున్న మిత్రుడినో, బండమీది బట్టలనో గుర్తు పెట్టుకొనడం పనికిరాదు. ఎత్తైనది, కదలనిది, ఆకాశం మీద స్పష్టంగా కనిపించేది కావలెను. గుడి గోపురం, తాటిచెట్టు, నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు ఇవి మంచి గుర్తులు. గొర్రెల మంద, కట్టివేసిన పడవ, ఎర్రచీర గుర్తులు కావు. అవి కదలిపోతాయి.

ఒక గుర్తు కంటె రెండు గుర్తులు ఒకే వరుసలో ఉంటే మరింత మేలు. ముందు తాటిచెట్టు, దాని వెనుక గుడి గోపురం ఒకే గీతలో ఉన్నవనుకోండి. ఈదుతూ చూచినప్పుడు గోపురం చెట్టుకు కుడిపక్కకు జరిగి కనబడితే మనం కుడివైపుకు కొట్టుకొని పోతున్నామని తెలుస్తుంది. ఎడమకు జరిగితే ఎడమవైపుకు. ఒడ్డున రెండు గుర్తులను కలిపి తమ చోటు తెలుసుకొనే ఈ పద్ధతి సముద్రపు జాలరులకు తరతరాలుగా తెలిసినదే. వారు పడవలో కూర్చొని చేసేదానిని ఈతగాడు నీటిలో పడుకొని చేస్తాడు, అంతే భేదం.

దిగే ముందు సూర్యుడు ఎటు ఉన్నాడో చూడడం కూడా అవసరం. ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమటికి ఈదితే వెలుగు నేరుగా కళ్ళలో పడి ఎదుటిది కనబడదు. నేను చేసిన తప్పు అదే. ఇక మసక వెలుతురులోను, చీకటిలోను దిగడం ఎంతమాత్రం తగదు. మనకు గుర్తు కనబడదు, మనం ఇతరులకు కనబడము.

ప్రవాహం లెక్క

పారే నీటిలో ఒక చిన్న లెక్క తెలిసి ఉండవలెను. ఏరు 200 మీటర్ల వెడల్పు అనుకుందాం. ఈదేవాడు క్షణానికి ఒక మీటరు పోగలడు. నీరు క్షణానికి అర మీటరు పారుతున్నది. ఆవలి ఒడ్డు చేరడానికి 200 క్షణాలు పడుతుంది. ఆ 200 క్షణాలలో నీరు అతనిని 100 మీటర్లు దిగువకు తీసుకొని పోతుంది. అదే ఈతలో సగం వేగం గల పిల్లవాడైతే 400 క్షణాలు పడుతుంది, 200 మీటర్లు దిగువకు పోతాడు. అంటే ఏటి వెడల్పు ఎంతో అంత. నెమ్మదిగా ఈదేవాడికి నష్టం రెండింతలు. దిగువన ఆనకట్టో, బండరాళ్ళో, సుడిగుండమో ఉంటే ఈ లెక్క ప్రాణానికి సంబంధించినది అవుతుంది.

ఒడ్డున ఉన్నచోట నీటి వేగం తక్కువ, నడిమధ్యన ఎక్కువ. 2024 ఆగస్టులో ప్యారిస్ ఒలింపిక్ క్రీడలలో సెన్ నదిలో జరిగిన 10 కిలోమీటర్ల ఈతపోటీలో, ఎదురు ప్రవాహంలో పోయేటప్పుడు క్రీడాకారులు నదీమధ్యం వదలి గట్టుగోడను ఆనుకొన్నట్లుగా ఈదడం లోకమంతా చూచింది. ప్రపంచంలో అందరికంటె బలమైన ఈతగాళ్ళే నీటితో తలపడక తప్పుకొని పోయారు. మన పిల్లలకు చెప్పవలసిన పాఠం అది.

ఇంగ్లీషు ఛానెల్ ఈదిన మొదటి భారతీయుడు మిహిర్ సేన్. 1958 సెప్టెంబరు 27న ఆయన ఆ పని చేశాడు. మరుసటి ఏడాది ఆరతీ సాహా ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ అయింది. ఆమె 1959 ఆగస్టులో చేసిన మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఇంగ్లండు తీరం సమీపించిన తరువాత ఎదురు ప్రవాహం ఆమెను ముందుకు సాగనీయలేదు. తీరం దగ్గర అయినా ఆమె విరమించుకున్నది. సెప్టెంబరు 29న మళ్ళీ ఈది 16 గంటల 20 నిమిషాలలో దాటింది. విరమించుకొనడం వల్లనే రెండవ ప్రయత్నానికి అవకాశం మిగిలింది. మన తెలుగువారిలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక తీరం నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదినది. ఇటువంటివారందరి పక్కన పడవ ఉంటుంది, అందులో దారి చూచేవారు, ఆహారం అందించేవారు ఉంటారు. వారెవ్వరూ ఒంటరిగా ఈదరన్న సంగతి పిల్లలకు తప్పక చెప్పవలెను.

మరొక మాట. మన నదులలో నీరు వానను బట్టి మాత్రమే పెరగదు, ఎగువ ఆనకట్ట గేట్లను బట్టి కూడా పెరుగుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొని పోయింది. దిగువ గ్రామాలవారికి ఆ రాత్రి జ్ఞాపకమే. గేటు తెగనక్కరలేదు, మామూలుగా ఎత్తినా కొద్దిసేపటిలో మోకాటిలోతు నీరు రొమ్ములోతు కావచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్నదని దిగరాదు. నీరు మురికిరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొని వస్తున్నా, చప్పుడు పెరిగినా వెంటనే గట్టు ఎక్కవలెను.

భయం పుట్టినప్పుడు

నీటిలో మనిషి మునిగేది చాలాసార్లు బలం చాలక కాదు, భయం వల్ల ఊపిరి లయ తప్పి. లయ తప్పినదని అనిపించగానే ఈత ఆపి వెల్లకిలా తిరగవలెను. చెవులు నీటిలో మునగనిచ్చి, గడ్డం పైకి పెట్టి, చేతులు బారచాపి, రొమ్మునిండా గాలి పట్టి తేలవలెను. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్న శరీరాన్ని నీరు చాలావరకు మోస్తుంది. చేతులు పైకెత్తి కేకలు వేస్తే ఆ చేతుల బరువుకు తల మునుగుతుంది. తేలుతూ పది ఊపిరులు లెక్కపెట్టవలెను. ఆ తరువాతనే ఒడ్డు ఎటు ఉన్నదో చూడవలెను. నన్ను బ్రతికించినది ఈ ఒక్క పనియే.

ఏటి ప్రవాహంలో చిక్కినవాడు ఎదురీదరాదు. వెల్లకిలా, కాళ్ళు దిగువవైపు ఉంచి పోతే రాళ్ళు తలకు కాక పాదాలకు తగులుతాయి. అట్లా పోతూ ఏటవాలుగా దగ్గరి ఒడ్డుకు జరగవలెను. వదలినచోటికే తిరిగి రావాలన్న పట్టుదల కూడదు. గోపాలపురం వంటి సముద్రతీరాలలో అల వెనుకకు లాగే ఉరవడిలో చిక్కితే ఒడ్డువైపు పోరాడక, ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈది ఆ ఉరవడి దాటిన తరువాత ఒడ్డుకు తిరగవలెను. ఆ ఉరవడి వెడల్పు సాధారణంగా తక్కువే.

ఇంట్లో నేర్పే క్రమం

ఇవన్నీ నేర్వడానికి పెద్ద కొలను అవసరం లేదు. మొదటి మెట్టు: నడుములోతు నీటిలో నిలబడి, ముఖం దించి, బుడగలు వదలి, పక్కకు తిప్పి గాలి పీల్చడం. కుడికి ఇరవై సార్లు, ఎడమకు ఇరవై సార్లు. దీనిని నీళ్ళతొట్టిలో ముఖం పెట్టి కూడా మొదలుపెట్టవచ్చు, పెద్దవారు పక్కన ఉండవలెను. రెండవ మెట్టు: వెల్లకిలా తేలడం, రెండు నిమిషాలు కదలకుండా. మూడవ మెట్టు: రొమ్ములోతు నీటిలో ఆరు బారలకు ఒకసారి మొసలి చూపు. ఒడ్డున ఒకరు నిలబడి వేళ్ళు చూపితే, ఈదుతూ ఎన్ని వేళ్ళో చెప్పవలెను. పిల్లలకు ఇది ఆటగా ఉంటుంది. నాలుగవ మెట్టు: గట్టు పక్కనే, కాలు ఆనే లోతులో, గట్టుకు సమాంతరంగా ఈదడం. ఈ నాలుగు మెట్లు ఎక్కనివారు నడినీటిలోకి పోరాదు. నాలుగూ ఎక్కినవారు కూడా ఒంటరిగా పోరాదు. తలకు ఎర్రని లేక పసుపుపచ్చని టోపీ పెట్టుకొని, నడుముకు సన్నని తాడుతో మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో సొరబుర్రనో కట్టుకొని పోతే, అలసినప్పుడు ఊతకు ఉంటుంది, దూరంనుండి కనబడుతుంది.

ఆడపిల్లలకు కూడా ఇవన్నీ నేర్పవలెను. బట్టలు ఉతకడానికి, నీరు తేవడానికి, కార్తీక స్నానానికి రేవుకు పోయేది ఎక్కువగా వారే. బావి గట్టున తాడు పట్టుకొనే మేనమామ మేనల్లుడికి నేర్పి మేనకోడలిని ఇంట్లో ఉంచడం మన పల్లెల అలవాటు. దానిని మార్చుకోవలసిన సమయం వచ్చింది.

ఒడ్డున ఉన్నవారు చేయవలసినది

ఎవరైనా మునుగుతూ ఉంటే ఈత వచ్చినవాడు వెంటనే దూకడం మన పల్లెలలో పరిపాటి. ఒకరికి బదులు ఇద్దరు పోవడం కూడా పరిపాటియే. మునిగేవాడు అందినవారిని గట్టిగా వాటేసుకుంటాడు. ముందు కర్ర, చీర, తాడు, కొమ్మ అందించవలెను. అందకపోతే డబ్బా, ట్యూబు విసరవలెను. పుట్టి ఉంటే పుట్టిలో పోవలెను.

ఒడ్డుకు తెచ్చినవారి కడుపు నొక్కడం, తలకిందులుగా పట్టుకొని తిప్పడం చేయరాదు. దానివల్ల కడుపులోని నీరు, ఆహారం ఊపిరితిత్తులలోకి పోతుంది, విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఈ వరుసలో సహాయం వచ్చేవరకు ఆపకుండా చేయవలెను. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయవలెను. తేరుకున్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించారు. 2021 నుండి ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీటి మునక నివారణ దినంగా పాటిస్తున్నది. జూలై చివరికి మన చెరువులు నిండడం మొదలవుతుంది. మా పాఠశాలలో ఆ వారం ఒక పూట పిల్లలను బెంచీలమీద బోర్లా పడుకోబెట్టి, నీళ్ళ పళ్ళెంలో ముఖం పెట్టించి, ఊపిరి విడవడం చేయిస్తాను. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే నేర్చుకుంటారు. మీ ఊరిలో కూడా ఎవరైనా ఒక పెద్ద ఈ పని తలకెత్తుకోవలెనని, ఈ సెలవులలో పిల్లవాడు "ఏటికి పోతున్నాను" అన్నప్పుడు "ఈత వచ్చు గదా" అని ఊరుకొనక, "తేలి చూపించు, ఊపిరి విడిచి చూపించు, గుర్తు ఏది పెట్టుకున్నావో చెప్పు" అని మూడు ప్రశ్నలు అడిగి పంపవలెనని నా మనవి. జవాబు చెప్పలేనివాడిని ఆ రోజుకు గట్టుమీదనే కూర్చోబెట్టండి.